మెదడులో మంట: చూసిందెంత, అనుకున్నదెంత

అల్జీమర్స్ వెనక ఇన్‌ఫ్లమేషన్ ఉందంటారు. పార్కిన్సన్స్ వెనకా అదే, డిప్రెషన్‌లో కొంతవరకూ అదే, కోవిడ్ తగ్గిన నెలల తర్వాత కూడా వదలని మతిమరుపులోనూ అదే. ఇన్ని వేర్వేరు జబ్బులకు ఒకే కారణం చెబుతున్నప్పుడు ఒక ప్రశ్న అడగక తప్పదు: ఆ మంటను ఎవరు చూశారు, దేనితో చూశారు? చర్మం మీదైతే ఎరుపు, వాపు, వేడి, నొప్పి కంటికీ చేతికీ తెలుస్తాయి. మెదడు పుర్రె లోపల ఉంటుంది. పైగా దాని కణజాలానికి నొప్పే తెలియదు. అక్కడ ఏం జరుగుతోందో చెప్పే సాక్ష్యం చనిపోయినవారి మెదడు ముక్కల నుంచో, ఎలుక పుర్రెకు పెట్టిన కిటికీ నుంచో, ఆసుపత్రి స్కానరు నుంచో రావాలి. ఈ మూడు చూపులూ ఒకే మాట చెప్పవు. ఈ రంగంలో మందుల పరీక్షలు వరసగా తప్పడానికి రోగం చిక్కుదనం ఎంత కారణమో, చూపు మీద పెట్టుకున్న అతినమ్మకం కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

ఈ కథలో ప్రధాన పాత్ర మైక్రోగ్లియా. మెదడులో స్థిరంగా కాపురముండే రక్షణ కణాలివి. మెదడు కణాల్లో ఇవి సుమారు పదో వంతు. 1919లో మాడ్రిడ్‌లో పియో దెల్ రియో ఓర్తెగా వెండి కార్బనేట్‌తో రంగు వేసే పద్ధతి కనిపెట్టి, వాటిని మొదటిసారి విడిగా చూపించారు. అంతకుముందు స్పెయిన్ మహామహుడు కహాల్ న్యూరాన్లనూ, నక్షత్రాల్లా కనిపించే ఆస్ట్రోసైట్లనూ గుర్తించి, మిగిలినదాన్నంతా ‘మూడో అంశం’ అని ఒక మూట కట్టి పక్కన పెట్టారు. ఆ మూటను విప్పినవాడు ఓర్తెగా. ఇవి మెదడులో పుట్టినవి కావు, గర్భస్థ దశలో బయటినుంచి వచ్చి చేరినవి అని కూడా ఆయన అన్నారు. దానికి గట్టి రుజువు దొరకడానికి 2010 దాకా ఆగాలి. పిండం తొలి రోజుల్లో, అసలు మెదడు రూపుకట్టకముందే, పచ్చసొన సంచిలో పుట్టిన కణాల సంతతి ఇవి అని ఫ్లోరాన్ జిన్‌హూ, సహచరులు ఎలుకల్లో తేల్చారు. తొంభై ఏళ్ల కిందటి ఊహ నిలబడింది.

నిలబడనిది ఇంకొకటి ఉంది. ఆరోగ్యంగా ఉన్న మెదడు ముక్కలో మైక్రోగ్లియాకు సన్నని కొమ్మలుంటాయి. దెబ్బతిన్న చోట ఆ కొమ్మలు ముడుచుకుని కణం గుండ్రబడుతుంది. ఈ రెండు ఆకారాల నుంచి రెండు పేర్లు పుట్టాయి: కొమ్మలుంటే ‘విశ్రాంతి’, గుండ్రబడితే ‘ఉద్రేకం’. నిశ్చలంగా కనిపించింది కాబట్టి అది ఏ పనీ చేయడం లేదన్నారు. కానీ అది నిశ్చలంగా ఉన్నది చచ్చిపోయి, గాజుపలక మీద అతుక్కుని ఉంది కాబట్టి. ఇంత సూటి సందేహం ఎనభై ఏళ్లపాటు పాఠ్యపుస్తకాలను కదిలించలేకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

దీనికి తోడు పీటర్ మెదావర్ 1948లో చేసిన ప్రయోగం ఒకటి. పరాయి కుందేలు చర్మాన్ని తెచ్చి ఇంకో కుందేలు మెదడులో అతికిస్తే శరీరం దాన్ని వెంటనే తిప్పికొట్టలేదు. అదే జంతువు రక్షణ వ్యవస్థను ముందుగా వేరే చోట అదే చర్మంతో రెచ్చగొట్టి ఉంటే మాత్రం మెదడులో అతుకూ నిలవలేదు. ఫలితంలో ఈ రెండో సగం చాలామందికి గుర్తులేదు. మెదడు రక్షణ వ్యవస్థకు అందని ప్రత్యేక మండలం అన్న మొదటి సగమే పాఠమై కూర్చుంది. శోషరస నాళాలు మెదడు పొరల్లో లేవన్నదీ అలాంటి పాఠమే. ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త పావొలో మస్కాని 18వ శతాబ్దంలోనే వాటిని వర్ణించినా ఎవరూ పట్టించుకోలేదు. 2015లో వర్జీనియాలో జోనథన్ కిప్నిస్ బృందం, హెల్సింకీలో కారి అలిటాలో బృందం ఎలుకల్లో వాటిని మళ్లీ చూపించాయి. రెండేళ్లకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో డేనియల్ రైక్, మార్టీనా అబ్సింటా బృందం బతికున్న మనుషుల ఎంఆర్‌ఐలోనే వాటిని పట్టుకుంది.

అసలు మలుపు 2005లో వచ్చింది. దానికి రెండు పనిముట్లు ముందే సిద్ధమై ఉన్నాయి. ఒకటి, 1990లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ తయారుచేసిన టూ-ఫోటాన్ సూక్ష్మదర్శిని. మామూలు కాంతి కణజాలంలోకి కాస్త దూరం పోగానే చెదిరిపోతుంది. ఇందులో పరారుణ కిరణాలు వాడతారు. రెండు ఫోటాన్లు దాదాపు ఒకే క్షణంలో ఒకే అణువుకు తగిలితేనే అది మెరుస్తుంది. అలా తగిలేంత సాంద్రత కిరణం కేంద్రీకరించిన చోట మాత్రమే ఉంటుంది. అందుకే చుట్టూ మసక లేకుండా, కొన్ని వందల మైక్రాన్ల లోతున ఉన్న కణం కూడా బతికుండగానే స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది, స్టెఫెన్ యుంగ్, సహచరులు 2000లో ప్రకటించిన ఎలుక జాతి. దాని మైక్రోగ్లియా ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్‌ను తమంతట తామే తయారుచేసుకుంటాయి. రంగు వేయనక్కర్లేదు, కోయనక్కర్లేదు.

ఈ రెంటినీ కలిపి జర్మనీలో అక్సెల్ నిమ్మర్‌యాన్, ఫ్రాంక్ కిర్ఖాఫ్, ఫ్రిట్యోఫ్ హెల్మ్‌షెన్, న్యూయార్క్‌లో దిమిత్రియోస్ దావలోస్, వెన్-బియావ్ గాన్ బృందం ఎవరికి వారుగా ఎలుక మెదడులోకి చూశారు. మంచె మీద నిద్రపోతున్నాడనుకున్న కాపలావాడు క్షణం కూడా కూర్చోకుండా చేనంతా కలయదిరుగుతున్నాడు. కణం ఉన్నచోటే ఉంటుంది. దాని కొమ్మలు మాత్రం నిమిషనిమిషానికీ చాచుకుంటూ, ముడుచుకుంటూ చుట్టుపక్కల తడుముతూనే ఉంటాయి. ఈ లెక్కన కొన్ని గంటలకొకసారి మెదడు మొత్తం గస్తీ పూర్తవుతుందని నిమ్మర్‌యాన్ బృందం అంచనా వేసింది. లేజర్‌తో సూదిమొనంత చోట కాల్చితే చుట్టూ ఉన్న మైక్రోగ్లియా కొమ్మలన్నీ కొద్ది నిమిషాల్లో అటే తిరిగి, గాయాన్ని చుట్టేసి కంచె కట్టాయి. వాటిని పిలిచిన సంకేతం గాయపడిన కణాల నుంచి కారిన ఏటీపీ అని దావలోస్ బృందం చూపించింది. కణాలకు ఇంధనమైన పదార్థమే కణం బయట కనపడితే ఆపద అన్నమాట. ‘విశ్రాంతి’ అన్న పేరు ఆ రోజుతో చెల్లిపోయింది.

కానీ ఈ కిటికీ కూడా అమాయకమైంది కాదు. 2007లో గాన్ బృందమే ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టింది. ఎలుక పుర్రెలో ఒక ముక్క తీసేసి గాజు బిగిస్తే, ఆ కోత వల్లే కింద మైక్రోగ్లియా రెచ్చిపోతున్నాయి. ఎముకను తీయకుండా, కాంతి దూరేంత పలుచగా అరగదీసి చూస్తే ఆ రాద్ధాంతం లేదు. అంటే కొన్ని ప్రయోగాల్లో కనిపించిన మంట చూడ్డానికి పెట్టిన మంటే. 2019లో ఇంకో దెబ్బ తగిలింది. ఎలుకలకు మత్తు ఇవ్వకుండా, మెలకువగా ఉండగా చూస్తే మైక్రోగ్లియా కొమ్మలు అంతగా చాచుకోవడం లేదని, రోచెస్టర్‌లో అనియా మయెవ్‌స్కా, మయో క్లినిక్‌లో లాంగ్-జున్ వు బృందాలు ఒకే సమయంలో ప్రకటించాయి. మెలకువలో విడుదలయ్యే నోర్‌ఎపినెఫ్రిన్ వాటిని అదుపులో ఉంచుతుంది. మత్తులో ఆ పట్టు సడలుతుంది. 2005లో లోకాన్ని అబ్బురపరచిన ఆ గస్తీ మత్తులో ఉన్న ఎలుకది. గస్తీ అబద్ధం కాదు, దాని వేగం మాత్రం మనం అనుకున్నది కాదు.

ఈ చూపు వల్ల నిజంగా లాభపడిన ప్రశ్న ఒకటుంది: మంట మొదట ఎక్కడ అంటుకుంటుంది? మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో రక్షణ వ్యవస్థ న్యూరాన్ల తీగల మీది మైలిన్ తొడుగును తినేస్తుంది. మ్యూనిక్‌లో హార్ట్‌ముట్ వెకర్లె దగ్గర పనిచేసిన బృందాలు ఆ జబ్బుకు ఎలుకల్లో కల్పించిన నమూనాలో రక్షణ వ్యవస్థకు చెందిన టీ కణాలను వెంటాడాయి. 2009లో ఆ కణాలు వెన్నుపాము పైపొర రక్తనాళాల గోడల లోపల ప్రవాహానికి ఎదురుగా పాకుతూ, బయటికి వచ్చి, అక్కడున్న భక్షక కణాలతో తలపడి, అప్పుడు లోపలికి దిగడం కనిపించింది. 2012లో మరీ ఊహించనిది తేలింది. ఆ కణాలు మెదడు మీదికి దండెత్తేముందు ఊపిరితిత్తుల్లో ఆగి, అక్కడ తయారై బయల్దేరుతున్నాయి.

అదే ఏడాది రక్తనాళం అవతలి వైపు నుంచి ఇంకో ఫలితం వచ్చింది. దావలోస్ అప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్లాడ్‌స్టోన్ సంస్థలోని గ్రీకు శాస్త్రవేత్త కాటెరీనా అకసోగ్లూ బృందంలో పనిచేస్తున్నారు. ఆమె ఏళ్ల తరబడి పట్టుకున్న పదార్థం ఫైబ్రినోజెన్. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఈ ప్రోటీన్ మెదడులో ఉండకూడదు. రక్తానికీ మెదడుకూ మధ్య గోడ చిల్లుపడితే లోపలికి కారుతుంది. వెన్నుపాములో చేసిన టూ-ఫోటాన్ చిత్రణలో ఎలుకకు కాళ్లు పడిపోయే లక్షణాలు రాకముందే మైక్రోగ్లియా కారుతున్న నాళాల చుట్టూ మూగడం, మూగిన చోట తర్వాత తీగలు తెగడం కనిపించాయి. ఫైబ్రినోజెన్‌లో మైక్రోగ్లియాను పట్టుకునే చిన్న భాగాన్ని మాత్రమే మార్చి, గడ్డకట్టే గుణాన్ని అలాగే ఉంచిన ఎలుకల్లో ఈ మూకా లేదు, అంత నష్టమూ లేదు. ఈ పనిలో నాకు నచ్చింది ఇదే: సాక్ష్యం చూపుతో ఆగలేదు. కనిపించినదాన్ని ఒక్క చోట మార్చి, ఫలితం మారిందో లేదో పరీక్షించారు. గడ్డకట్టడాన్ని ఆపకుండా ఆ ఒక్క భాగాన్నే కప్పే యాంటీబాడీని 2018లో ఆమె బృందం ప్రకటించింది. మనుషుల్లో వాడదగ్గ రూపం ఇప్పుడు తొలిదశ పరీక్షల్లో ఉంది.

మైక్రోగ్లియా పని గాయాలతో ఆగదు. పెరిగే మెదడులో అక్కర్లేని సైనాప్సులను, అంటే న్యూరాన్ల మధ్య కూడళ్లను, ఇవి కొరికి తింటాయని 2011, 2012ల్లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. బోస్టన్‌లో బెత్ స్టీవెన్స్ బృందం ఆ కొరకడానికి గుర్తు పెట్టేది రక్షణ వ్యవస్థకు చెందిన కాంప్లిమెంట్ ప్రోటీన్లని, అల్జీమర్స్ నమూనా ఎలుకల్లో అదే యంత్రాంగం అకాలంగా తిరిగి మొదలవుతుందని వాదించింది. 2016లో మనుషుల జన్యువుల నుంచి సీ4 అనే కాంప్లిమెంట్ జన్యువు స్కిజోఫ్రీనియా ముప్పుతో ముడిపడి ఉందని తేలింది. ఇదంతా ఆశపుట్టించేదే. అయితే ఎక్కువ భాగం ఎలుకల కథ, జన్యువుల కథ. బతికున్న మనిషి మెదడులో ఒక మైక్రోగ్లియా ఒక సైనాప్సును కొరకడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

మరి మనిషిలో చూసేదెలా? ఇక్కడే చిక్కు మొదలవుతుంది. మనిషి మెదడులో మంటను చూపిస్తామని వచ్చే వార్తల్లో చాలావరకు పెట్ స్కాన్‌వే. రేడియోధార్మిక పరమాణువు తగిలించిన ఒక అణువును రక్తంలోకి ఎక్కిస్తారు. అది టీఎస్‌పీఓ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. మైటోకాండ్రియా పైపొర మీద ఉండే ఈ ప్రోటీన్ ఉద్రేకపడ్డ మైక్రోగ్లియాలో ఎక్కువవుతుందన్న లెక్కతో, స్కానులో వెలిగిన చోట మంట ఉందంటారు. పీకే11195 అనే మొదటి తరం అణువుతో 2000 ప్రాంతంలో మల్టిపుల్ స్క్లెరోసిస్, అల్జీమర్స్ రోగుల మెదడు వెలగడం చూసి లండన్ బృందాలు సంబరపడ్డాయి. అందులోని రేడియోధార్మిక పరమాణువు కార్బన్-11 అర్ధ జీవితకాలం ఇరవై నిమిషాలే కాబట్టి, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ పక్కనే ఉన్న ఆసుపత్రులకే ఆ భాగ్యం.

తర్వాత వచ్చిన మెరుగైన అణువులతో వింత సమస్య ఎదురైంది. కొందరి మెదడు బాగా వెలుగుతుంది, కొందరిది అసలు వెలగదు. జబ్బుతో సంబంధం లేదు. టీఎస్‌పీఓ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా వల్ల ప్రోటీన్‌లో 147వ స్థానంలో అలనిన్ బదులు థ్రియోనిన్ వస్తే ఆ అణువు సరిగా అతుక్కోదని డేవిడ్ ఓవెన్, సహచరులు 2012లో తేల్చారు. ఐరోపా సంతతిలో దాదాపు పదిమందిలో ఒకరు పూర్తిగా బలహీన రకంవారు. ఇప్పుడు స్కానుకు ముందు జన్యు పరీక్ష చేస్తారు. అది తెలియకముందు చేసిన అధ్యయనాల్లో రెండు రకాలవారూ కలిసిపోయి ఉంటారు.

అంతకంటే లోతైన దెబ్బ 2023లో తగిలింది. ఎలుకల మైక్రోగ్లియా ఉద్రేకపడితే టీఎస్‌పీఓ పెరుగుతుంది, నిజమే. మనుషుల్లో పెరగదు. ఎలుకల కుటుంబంలో కొన్నిటికి మాత్రమే ఉన్న ఒక జన్యు స్విచ్ దీనికి కారణం. ఓవెన్ కూడా ఉన్న ఆ బృందం చనిపోయిన రోగుల మెదడు కణజాలాన్ని కూడా పరీక్షించి చెప్పిన మాట ఇది: మనిషిలో టీఎస్‌పీఓ సంకేతం చాలావరకు అక్కడ ఎన్ని కణాలున్నాయో చెబుతుంది, అవి ఏ స్థితిలో ఉన్నాయో చెప్పదు. ఆ సంకేతం మైక్రోగ్లియాది మాత్రమే కూడా కాదు. ఆస్ట్రోసైట్లలో, రక్తనాళాల గోడల్లో టీఎస్‌పీఓ ఉంటుంది. అలీ ఎర్టుర్క్ బృందం అదే ఏడాది చూపించినట్టు, కొన్ని జబ్బుల్లో పుర్రె ఎముక మజ్జలోనూ ఈ సంకేతం వెలుగుతుంది. పెట్ స్కాను ఒక చుక్కగా చూపించేది కొన్ని మిల్లీమీటర్ల కణజాలాన్ని. అందులో ఎన్ని వేల కణాలు, ఎన్ని రకాలవి కలిసి ఉన్నాయో ఊహించుకోవచ్చు.

ఇంత బలహీనమైన సాక్ష్యం మీద ఎంత బరువు మోపారో చూడండి. స్కిజోఫ్రీనియాలో మైక్రోగ్లియా ఉద్రేకం పెరిగిందని 2016లో ఒక బృందం ప్రకటించింది. రెండేళ్లకు అనేక అధ్యయనాల సమాచారాన్ని ఒకచోట చేర్చి లెక్కవేస్తే, సంకేతం ఆరోగ్యవంతులకంటే తక్కువ అని తేలింది. డిప్రెషన్‌లో టొరొంటో బృందం 2015లో దాదాపు 30 శాతం పెరుగుదల చూపించింది. ఆ పెరుగుదల కణాల సంఖ్యదా, స్థితిదా అన్నది ఆ చిత్రం చెప్పలేదు. ఇవేవీ మోసాలు కావు, నిజాయితీగా చేసినవే. పరికరం చెప్పగలిగినదానికి మించి చదివారంతే. అల్జీమర్స్‌లో మాత్రం ఈ చిత్రణ కాస్త కుదురుగా ఉంది. 2021లో మాంట్రియల్ బృందం టీఎస్‌పీఓ సంకేతమూ, ఆ జబ్బులో న్యూరాన్లలో పేరుకునే టావు ప్రోటీనూ మెదడులో ఒకే దారిన, చేయి చేయి పట్టుకున్నట్టు పాకుతాయని చూపించింది. ఏది ముందు, ఏది వెనక అన్నది అక్కడా తేలలేదు.

మందుల చరిత్ర ఈ తొందరపాటుకు వచ్చిన బిల్లు. వాంకూవర్‌లో పాట్రిక్ మెక్‌గీర్ 1980ల్లోనే అల్జీమర్స్ రోగుల మెదడులో ఉద్రేకపడ్డ మైక్రోగ్లియాను చూపించి, కీళ్లవాతం మందులు వాడేవారిలో ఈ జబ్బు తక్కువని గమనించారు. 2001లో రాటర్‌డామ్‌లో దాదాపు ఏడు వేలమందిని గమనించిన అధ్యయనంలో ఆ మందులు రెండేళ్లు, అంతకుమించి వాడినవారికి ముప్పు ఐదో వంతే అని వచ్చింది. ఇక మంట ఆర్పితే చాలనుకున్నారు. నాప్రోక్సెన్, సెలెకాక్సిబ్‌లతో అమెరికాలో చేసిన నివారణ పరీక్షను గుండె ముప్పు భయంతో 2004 డిసెంబరులో నిలిపేశారు. అప్పటికీ, ఆ తర్వాతా ఉపయోగం కనపడలేదు. మైక్రోగ్లియాను శాంతింపజేస్తుందని పేరున్న మినోసైక్లిన్‌ను, కండరాలను నడిపే న్యూరాన్లు నశించే ఏఎల్‌ఎస్ జబ్బు రోగులకిస్తే 2007లో వచ్చిన ఫలితం ప్రకారం వాళ్లు మరింత వేగంగా క్షీణించారు. తొలిదశ అల్జీమర్స్‌లో 2020లో అదే మందు ఏ తేడా తేలేదు.

సరే, ఆర్పడం తప్పయితే రగిలించాలేమో. 2013లో టీఆర్‌ఈఎం2 అనే జన్యువులో అరుదైన మార్పు ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లని రెండు బృందాలు కనుగొన్నాయి. మెదడులో ఈ జన్యువు ప్రధానంగా మైక్రోగ్లియాలో పనిచేసి, వాటి మీద ఒక గ్రాహకాన్ని తయారుచేస్తుంది. దాని లోపం ఉంటే అవి అల్జీమర్స్‌లో పేరుకునే అమైలాయిడ్ ప్రోటీన్ మచ్చల చుట్టూ సరిగా మూగవు. అంటే వాటి ఉద్రేకం కొంత మనకు మేలే చేస్తోంది. ఆ గ్రాహకాన్ని మేల్కొలిపే యాంటీబాడీని రోగుల్లో పరీక్షించారు. 2024 నవంబరులో అదీ వ్యాధిని నెమ్మదింపజేయలేదని ప్రకటన వచ్చింది. ఆర్పినా ఫలితం లేదు, రగిలించినా లేదు. ఏ రోగి మెదడులో, ఏ దశలో, ఎక్కడ ఏం జరుగుతోందో చూడలేనప్పుడు మందు ఎటువైపు తొయ్యాలో మాత్రం ఎలా తెలుస్తుంది?

మన దగ్గర ఈ ప్రశ్న ప్రయోగశాలకు ముందే వార్డులో ఎదురవుతుంది. క్యూలెక్స్ దోమలు వరిచేల నీళ్లలో పెరిగి, పందుల నుంచి మనుషులకు చేరవేసే జపనీస్ మెదడువాపు 1999లో అనంతపురం జిల్లాలో పిల్లల మీద విరుచుకుపడింది. ఈ వైరస్ న్యూరాన్లను తానుగా చంపుతుంది. ఉద్రేకపడ్డ మైక్రోగ్లియా వెదజల్లే రసాయనాలు ఆ చుట్టుపక్కలవాటిని కూడా చంపుతాయని మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం ఎలుకల్లో చూపించింది. మినోసైక్లిన్‌తో ఆ ఎలుకలు బతికాయి. లక్నోలో రోగుల మీద చేసిన పరీక్షలో మాత్రం మొత్తం మరణాల్లో నమ్మదగ్గ తేడా రాలేదు. ఆసుపత్రిలో మొదటి రోజు గట్టెక్కినవారిలో కొంత మేలు కనిపించింది. ఏ గంటకు ఇచ్చామన్నది మందంత ముఖ్యమని నాకు ఆ ఫలితంలో కనిపిస్తుంది. ఈలోగా పిల్లలను కాపాడుతున్నది టీకా. కోలారులో దొరికిన వైరస్ రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన జెన్‌వ్యాక్ 2013లో విడుదలైంది.

మనుషుల్లో చూపు కాస్త నమ్మకంగా నిలిచిన చోటు ఒకటుంది, అదీ పెట్ కాదు, ఎంఆర్‌ఐ. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కొన్ని మచ్చలు ఏళ్ల తరబడి మానవు. వాటి అంచున ఇనుము మింగిన మైక్రోగ్లియా వలయంగా ఉంటాయి. ఇనుము అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తుంది కాబట్టి తగిన ఎంఆర్‌ఐ క్రమంలో ఆ అంచు నల్లని గీతలా కనిపిస్తుంది. ఆ గీత కింద నిజంగా మైక్రోగ్లియాయే ఉన్నాయని మరణానంతర కణజాలంతో సరిపోల్చి చూశారు. స్కానులో కనిపించినదాన్ని కోసి చూసి రూఢి చేసుకోవడం ఈ రంగంలో అరుదు. అలాంటి మచ్చలు నాలుగు, అంతకుమించి ఉన్నవారికి వైకల్యం చిన్న వయసులోనే వస్తుందని అబ్సింటా, రైక్ బృందం 2019లో చూపించింది. ఇప్పటివరకు వాడుకలో ఉన్న మందులు ఎక్కువగా రక్తంలోని టీ, బీ కణాలను అడ్డుకుంటాయి. కొత్త దాడులు తగ్గుతాయి గానీ ఈ పాత మచ్చల పొగ ఆరదు. మెదడులోకి చేరి బీటీకే అనే ఎంజైమును, అంటే బీ కణాలతోపాటు మైక్రోగ్లియాను కూడా, అణచే టోలెబ్రూటినిబ్‌ను దాడులు ఆగినా క్షీణత ఆగని రోగుల్లో పరీక్షించారు. 2025లో ప్రచురితమైన ఫలితాల్లో వైకల్యం పెరిగే ముప్పు 31 శాతం తగ్గింది. దాడులు వస్తున్న రోగుల్లో జరిపిన వేరే పరీక్షల్లో ఆ దాడుల సంఖ్యను మాత్రం పాత మందుకంటే తగ్గించలేకపోయింది. మందు తీసుకున్నవారిలో 4 శాతం మందికి కాలేయ ఎంజైములు మూడు రెట్లకు మించి పెరిగాయి, ఒకరు ఆ కారణంగానే కాలేయ మార్పిడి తర్వాత చనిపోయారు. ఎవరి మెదడులో ఆ నల్ల అంచులు ఎన్ని ఉన్నాయో ముందే లెక్కించి, ఎక్కువ ఉన్నవారికే ఈ మందు ఇస్తే లాభం ముప్పును మించుతుందా అన్నది ఇప్పుడు పరీక్షించదగ్గ ప్రశ్న.